డ్రాప్డ్ పెరిగితే కార్డు పోయినట్టేనా? సర్వర్ లెక్కలపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట కాలేజీల నుంచి, ఎనుమాముల వైపు వ్యాపారుల ఆఫీసుల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే గోస: "అన్నా, ఆర్‌ఎక్స్ డ్రాప్డ్ పెరుగుతనే ఉంది. కార్డు పోయిందంటున్నరు." ఆర్‌ఎక్స్ డ్రాప్డ్ అంటే సర్వర్‌కు వచ్చినా వాడకుండా పడేసిన ప్యాకెట్ల (నెట్‌వర్క్‌లో నడిచే డేటా ముక్కల) లెక్క. కార్డు పోయిందని ఎవరన్నారంటే, వాట్సాప్ గ్రూపులో ఎవరో. ఆ ఎవరో సర్వర్ మొహం కూడా చూసి ఉండడు.

అపోహ: డ్రాప్డ్ పెరుగుతోందంటే నెట్‌వర్క్ కార్డు చెడిపోయినట్టే.

వాస్తవం: ఎర్రర్స్ వేరు, డ్రాప్డ్ వేరు. కేబుల్, కనెక్టర్, పోర్టు పాడైతే పెరిగేది ఎర్రర్స్, అందులోనూ సీఆర్‌సీ (దారిలో డేటా చెడిందని పట్టిచ్చే లెక్క). డ్రాప్డ్‌లో చాలాసార్లు కార్డు ప్యాకెట్‌ను క్షేమంగా తెచ్చి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చేతికిస్తుంది, కెర్నలే పక్కన పడేస్తుంది. గేటు దగ్గర పంచిన కరపత్రాన్ని మనం చదవకుండా పడేసినట్టు. లినక్స్ 2.6.37 నుంచి తనకు తెలియని ప్రోటోకాల్ ఫ్రేములను (వైరు మీద ప్యాకెట్ ప్రయాణించే రూపం), మనం పెట్టుకోని వీల్యాన్ ట్యాగుతో (ఒకే వైరు మీద నెట్‌వర్క్‌లను విడదీసే గుర్తు) వచ్చినవాటిని కూడా కెర్నల్ ఇదే ఖాతాలో రాస్తోంది. అందుకే పాత సర్వర్‌లో సున్నా ఉన్నచోట, అదే వైరుకు కొత్త సర్వర్ తగిలిస్తే వేలల్లో కనబడుతుంది. జనం కొత్త కార్డు కొంటారు. అంకె మళ్లీ పెరుగుతుంది. ఈసారి సర్వరే మార్చమంటారు.

ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో సరిగ్గా ఇదే నడిచింది. రిపోర్టులు స్లోగా వస్తున్నాయని గొడవ, సర్వర్‌కు కొత్త కొటేషన్ సిద్ధం. కొత్తగా చేరిన పిల్లగాడు తన ఉద్యోగం మీదికి వస్తుందని బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. డ్రాప్డ్ అంకె చూస్తూ ఉంటే రెండు సెకన్లకొకటి, తప్పకుండా. చెడిపోయిన కార్డు ఇంత పద్ధతిగా పడేయదు. స్విచ్‌లు ఎస్టీపీ హలో (డేటా వైర్లలో గిరగిరా తిరగకుండా స్విచ్‌లు చేసుకునే పలకరింపు, సర్వర్‌కు అక్కర్లేనిది) పంపేది మామూలుగా రెండు సెకన్లకే (ముప్పై సెకన్లకొకటి అయితే, పరికరాలు తామెవరో చాటుకునే ఎల్‌ఎల్‌డీపీని అనుమానించండి). టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపే ప్రోగ్రాం) నడిపించాం, అంకె ఆగింది. ఆపేశాం, మళ్లీ కదిలింది. టీసీపీడంప్ నడుస్తున్నంతసేపు ప్రతి ఫ్రేమునూ తీసుకునేవాడొకడు ఉన్నట్టే, కాబట్టి కెర్నల్ దాన్ని డ్రాప్ కింద రాయదు. "అయితే దీన్ని ఎప్పటికీ నడిపిద్దామా అన్నా?" అన్నాడు. వద్దురా నాయనా, అంకెను అలా వదిలెయ్. దాని కోసం స్విచ్‌లో ఎస్టీపీ ఆపేస్తే, రేపు ఎవరైనా ఒకే కేబుల్ రెండు కొసలూ స్విచ్‌కే గుచ్చిన రోజు ఆఫీసంతా ఆగిపోతుంది.

స్లో సంగతి? ఎక్స్‌రే రూము పోర్టు మీద స్విచ్‌లో సీఆర్‌సీ ఎర్రర్స్ పెరుగుతున్నాయి. టేబుల్ కాలు కింద కేబుల్ నలిగి ఉంది. ప్యాచ్ కేబుల్ మార్చాం, అంతే.

అలాగని డ్రాప్ అన్నీ ఉత్తవే అనుకోవద్దు. కార్డు లెక్కలు చూపే ఈథ్‌టూల్ కమాండ్‌కు పెద్ద ఎస్ (-S) పెట్టి చూడండి. మిస్డ్, నో బఫర్, ఫిఫో లాంటి అంకెలు ట్రాఫిక్ ఎక్కువున్న వేళ ఎగబాకుతుంటే నిజంగానే ప్యాకెట్లు పోతున్నాయి. అదే కమాండ్‌కు చిన్న జీ (-g) పెట్టి రింగ్ బఫర్ (వచ్చిన ప్యాకెట్లు ముందుగా ఆగే చోటు) ఎంతుందో చూసి, పెద్ద జీతో (-G) పెంచండి. ఏదైనా సరే, బూట్ అయినప్పటి నుంచి పోగైన మొత్తం చూసి గుండెలు బాదుకోకండి. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూసి తీసివేయండి.

మిగతావి గబగబా.

గ్రాఫ్‌లో ట్రాఫిక్ తప్పుడు తడకగా కనిపిస్తే, అది 32 బిట్ల కౌంటర్ కావచ్చు. 4,29,49,67,296 బైట్లకు తిరిగి సున్నాకొస్తుంది. నిండుగా పారే గిగాబిట్ లింకుపై అది 34 సెకన్ల పని. ఐదు నిమిషాలకోసారి లెక్క తీస్తే 114 ఎంబీపీఎస్ దాటాక ఆ గ్రాఫ్‌ను నమ్మలేం. 64 బిట్ల కౌంటర్లకు మారండి.

టీసీపీడంప్‌లో 1500 బైట్ల మామూలు హద్దు దాటిన ప్యాకెట్లు, బయటికి పోయేవాటిలో తప్పు చెక్‌సమ్‌లు (డేటాను సరిచూసే అంకెలు): ఆఫ్‌లోడ్ (ప్యాకెట్ల కోత, లెక్కల పని కార్డుకు వదిలేయడం) మహిమ. దాడి కాదు.

బాండింగ్‌లో (రెండు కార్డులను ఒకటిగా కలిపి వాడే ఏర్పాటు) ఖాళీగా ఉన్న బ్యాకప్ కార్డు మీద పాత కెర్నళ్లలో కనబడే డ్రాప్స్: బ్రాడ్‌కాస్ట్‌లు (అందరికీ కలిపి పంపేవి) రెండు కార్డులకూ వస్తాయి, రెండో కాపీని పడేస్తారు. అంతే.

ఎవరూ వాడకున్నా ఆర్‌ఎక్స్ పెరుగుతోంది, హ్యాకరేనా? ఏఆర్‌పీ (ఈ అడ్రస్ ఎవరిదని అడిగే పిలుపు), బ్రాడ్‌కాస్ట్‌లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. కానీ అర్ధరాత్రి టీఎక్స్ (బయటికి పోయే డేటా) జీబీల్లో పోతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ముందు బ్యాకప్ టైము చూడండి. అది కాదని తేలితే, ఆ కనెక్షన్ ఏ ప్రాసెస్‌దో ఎస్ఎస్ కమాండ్‌తో పట్టుకుని అప్పుడు ఫోన్ చేయండి. ఆ టైములోనైనా ఎత్తుతాను.