"సంతకాలు పెట్టి ఇచ్చినం గదా సార్": జోన్ మార్పు మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు ఐదుగురు మా ఆఫీసుకి వచ్చారు. కార్యదర్శి చేతిలో ఫ్రేము కట్టించిన ఫొటో. కుంట కట్ట మీద బ్యానరు పట్టుకుని అరవై, డెబ్భై మంది నిలబడి ఉన్నారు. వెనకాల తుంగ, ఒక మూలన రెండు కొంగలు.

"నూట ఎనభై సంతకాలు సార్. ఎమ్మెల్యేకి ఇచ్చినం, కలెక్టరుకి ఇచ్చినం, పేపర్ల కూడా పడ్డది. అయినా కుంట పక్క భూమి జోన్ మారిపోయింది."

"నోటీసు ఇచ్చిన ఆఫీసుల ఇచ్చిన్రా?"

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం నోటీసు? కాలనీ వాట్సాప్ గ్రూపులో వెనక్కి వెనక్కి పోతే దొరికింది. ఒక గుడ్ మార్నింగ్ గులాబీకీ, ఎవరి మనవరాలిదో పుట్టినరోజు కేకుకీ మధ్య, పత్రికలో పడ్డ చిన్న నోటీసు ఫొటో. ఎవరో పెట్టారు, ఇంకెవరో దండం ఎమోజీ పెట్టారు, అంతే. అభ్యంతరాల గడువు వీళ్ల మొదటి వినతిపత్రానికి పదకొండు రోజుల ముందే ముగిసింది.

ఇలాంటివి ఏడాదికి నాలుగైదు చూస్తాను. అందుకే ఈ ఒక్క అపోహ గురించి తీరిగ్గా రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: కాలనీ అంతా ఒక్కటై గట్టిగా అడిగితే జోన్ మార్పు ఆగుతుంది

ఆగొచ్చు. అయితే ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏమని రాశారు అన్న మూడూ కుదిరితేనే.

హైదరాబాద్ చుట్టుపక్కల చాలా భాగానికి 2013 జనవరిలో జీవో 33తో వచ్చిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లానే ఆధారం. దాని లక్ష్య సంవత్సరం 2031. అందులో ప్రతి సర్వే నంబరుకీ ఒక రంగు ఉంటుంది: రెసిడెన్షియల్, పెరి అర్బన్, కన్జర్వేషన్, రిక్రియేషన్, ఇంకా కొన్ని. కన్జర్వేషన్‌లో ఉన్న పొలాన్ని రెసిడెన్షియల్ చేయమని దాని యజమాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా భాషలో సీఎల్‌యూ, అంటే భూ వినియోగ మార్పు. దరఖాస్తు లోపల పరిశీలనకు పోతుంది, తర్వాత అభ్యంతరాలు, సలహాలు కోరుతూ నోటీసు పడుతుంది, ఆ తర్వాత ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. ఇంత ప్రయాణంలో జనానికి తెరిచి ఉండే తలుపు ఒక్కటే, నోటీసు పడ్డ రోజుకీ గడువు తేదీకీ మధ్య. అది రోజుల లెక్క. బ్యానరు ప్రింటయి వచ్చేలోపు అయిపోతుంది.

ఆ గడువులో వచ్చిన కాగితం ఫైల్లో చేరుతుంది, దానికి ఎవరో ఒకరు జవాబు రాయాలి. గడువు దాటి వచ్చిందీ, వేరే ఆఫీసు గుమ్మంలో పడ్డదీ "తగు చర్య నిమిత్తం" అన్న ముద్రతో ఊరంతా తిరిగి, ఉత్తర్వు వచ్చాక తీరిగ్గా ఆ ఫైలు దగ్గరికి చేరుతుంది.

ఇక ఏమని రాయాలి? సంతకాలు ఓట్లు కావు. "మా కుంటను కాపాడండి, పిల్లలకు స్వచ్ఛమైన గాలి కావాలి" అని నూట ఎనభై మంది రాసినా ఫైల్లో అది ఒక్క పాయింటే. "స్థానికులు పర్యావరణ కారణాలతో వ్యతిరేకిస్తున్నారు" అని ఒక వాక్యం, పక్కన "పరిశీలించడమైనది". అదే ఒక్క మనిషి, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులో తూర్పు పక్క ఎనిమిది గుంటలు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) లోపల ఉన్నాయి, ఉత్తరాన కుంటకి నీళ్లు తెచ్చే ఫీడర్ నాలా పోతోంది, దరఖాస్తు నక్షాలో ఆ నాలా చూపించలేదు, ఇదిగో టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), ఇదిగో గ్రామ నక్షా, ఇదిగో పాత శాటిలైట్ చిత్రం అని రాస్తే, "పరిశీలించడమైనది" అని తోసెయ్యడం కష్టం. ఇరిగేషన్ వాళ్లని అడగాలి, కొలతలు తీయాలి. రేపు కోర్టుకెళ్లినా ముందు అడిగేది అదే: అప్పుడు అభ్యంతరం చెప్పారా, దానికి ఏం జవాబిచ్చారు?

కంచ గచ్చిబౌలి చూశాం కదా సార్, యూనివర్సిటీ పిల్లలు రోడ్డెక్కితే ఆగలేదా అని అడుగుతారు. 2025 ఏప్రిల్ 3న ఆ 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను ఆపించింది సుప్రీంకోర్టు. పిల్లల పోరాటాన్ని నేను తక్కువ చెయ్యను, అది లేకపోతే దేశం అటు తిరిగి చూసేదే కాదు. కానీ కోర్టు అదే రోజు హైకోర్టు రిజిస్ట్రార్‌ను స్థలానికి పంపి, కళ్లతో చూసి రిపోర్టు ఇవ్వమంది. యంత్రాలు ఎన్ని ఉన్నాయి, ఎంత మేర చదును చేశారు అన్నది కాగితం మీదకి వచ్చాక పని ఆగింది. మీ కుంట కోసం సుప్రీంకోర్టు ఎవర్నీ పంపదు. ఆ రిపోర్టు మీరే రాసుకోవాలి.

ఇది చెప్పే అర్హత నాకు ఊరికే రాలేదు. పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక సంఘం కోసం అభ్యంతరం రాసిపెట్టాను. పదిహేను పేజీలు, రంగుల మ్యాపులు, భాష అదరగొట్టాను. సర్వే నంబరు పక్కన పడే బై నంబరు (సబ్ డివిజన్) దగ్గర 'అ' బదులు 'ఆ' పడింది. "సదరు అభ్యంతరం ప్రస్తుత ప్రతిపాదనకు సంబంధించినది కాదు" అని ఒక్క లైనులో వెనక్కి వచ్చింది. ఆ సంఘం పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఈ రోజుకీ నంబర్లు వేరే వాళ్లతో పైకి చదివించుకుని గానీ కాగితం పంపను.

ఇచ్చాక ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర ఉన్న నకలు తీసుకోండి. ఈమెయిల్ చేసినా సరే, చేతితో కూడా ఇవ్వండి. పది ఇళ్లు పది కాగితాలు ఇస్తే పదింటిలో పది వేరే కారణాలు ఉండేలా చూడండి: ఒకరు నాలా, ఒకరు రోడ్డు వెడల్పు, ఒకరు వాననీరు నిలిచే చోటు. ఒకే కాగితం పది జిరాక్సులు తీసి ఇస్తే అది మళ్లీ ఒక్క పాయింటే.

అపోహ: చెరువు ఎండింది, కాబట్టి అక్కడ ఎఫ్‌టీఎల్ లేదు

ఎఫ్‌టీఎల్ అంటే ఇవాళ నీళ్లు ఎక్కడున్నాయో కాదు, చెరువు నిండితే ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ గీత. దాన్ని ఎవరో గాల్లో గీయరు. అలుగు ఉంటుంది కదా, మన వైపు మత్తడి అంటారు, దాని పైఅంచు మట్టమే లెక్క. అలుగు రాయి మీద స్టాఫ్ (కొలత కర్ర) నిలబెట్టి లెవెల్ తీసుకుని, అదే ఎత్తు చుట్టూ ఎక్కడెక్కడ తగులుతుందో పట్టుకుంటూ పోతే చెరువు హద్దు తనంతట తనే బయటపడుతుంది. ఎండాకాలమైనా, తుమ్మ చెట్లు మొలిచినా తేడా ఉండదు.

అందుకే దొంగ చూపు మొదట పడేది అలుగు మీదే. ఒకచోట సర్వేకి వెళ్తే అలుగు రాళ్లలో మధ్యవి రెండు లేవు. అంచుల్లో ఉలి దెబ్బలు తెల్లగా కొత్తగా కనిపిస్తున్నాయి. కింద కొద్దిగా సిమెంటు పూత. అలుగు రెండడుగులు దిగితే చదునైన నేలలో నీటి హద్దు ఎన్ని గజాలు వెనక్కి పోతుందో ఊహించుకోండి. అక్కడే గొర్లు కాసుకుంటున్న ఒక పెద్దమనిషి, "మా చిన్నప్పుడు మత్తడి దుంకితే గీ రాయి మీద కూసొని చేపలు పట్టెటోళ్లం" అని పక్కన పడేసిన రాయి చూపించాడు. అంచుకి గాడి ఉంది, అమరిక సరిపోయింది. ఆ రాయి ఫొటో, కొలతలు, ఆయన మాట అన్నీ రిపోర్టులోకి ఎక్కించాను. మీ చెరువు అలుగును ఇవాళే ఫొటో తీసి, తేదీతో దాచుకోండి. ఖర్చు లేని పని.

అపోహ: ఏ చెరువుకైనా వంద అడుగుల బఫర్ ఉంటుంది

లేదు. బఫర్ అంటే నీటి హద్దు బయట ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు. అంతకు చిన్నవాటికి 9 మీటర్లే. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. ఫొటో తెచ్చిన వాళ్ల కుంట పద్నాలుగు ఎకరాలు, అంటే 10 హెక్టార్ల లోపే. వాళ్లకి దక్కేది దాదాపు ఒక లారీ పొడవు. ఈ మాట చెప్పగానే కార్యదర్శి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. నిజానికి ఇందులోనే కొంచెం ధైర్యం కూడా ఉంది: జోన్ మారినా ఎఫ్‌టీఎల్, బఫర్ రద్దు కావు. పోయింది కుంట కాదు, కుంట చుట్టూ ఉన్న పొలం.

అయితే ఆ పొలమే వాన నీటిని కుంటలోకి పంపేది. మనవి గొలుసుకట్టు చెరువులు, పైదాని అలుగు నీళ్లే కిందిదానికి బతుకు. కట్ట ఎంత కాపాడినా ఫీడర్ నాలా మూసుకుపోతే కుంట పదేళ్లలో మురుగు గుంట అవుతుంది. జనం కట్ట మీద నిలబడి ఫొటో దిగుతారు. నేనైతే నాలా మొదట్లో నిలబడమంటాను.

అపోహ: మ్యాపులో పచ్చ రంగు పడింది, నా భూమి సర్కారుది అయిపోయింది

ఇది భయపడే వాళ్ల అపోహ, దీని మీద విసుక్కోవడం నాకు చేతకాదు. రెండెకరాలున్న ఒక రైతు, కూతురి పెళ్లి పెట్టుకుని, కన్జర్వేషన్ జోన్ అని తెలిసి నిద్ర లేకుండా వచ్చాడు. బ్రోకరు అప్పటికే చెప్పేశాడట, "రేపు గవర్నమెంటు గుంజుకుంటది, ఇయ్యాల నాకిచ్చెయ్యి" అని. జోన్ వేరు, పట్టా వేరు. జోన్ మీ హక్కును మార్చదు, ఆ నేల మీద ఏం చెయ్యొచ్చో చెబుతుంది. సాగు చేసుకోవచ్చు, తోట పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. లేఅవుట్ చెయ్యడం కుదరదు. ప్రభుత్వానికి భూమి కావాలంటే భూసేకరణ చట్టం ప్రకారం నోటీసు, పరిహారం ఉంటాయి. రంగు పూసి ఎవరూ తీసుకోలేరు. శిఖం పట్టా, అంటే చెరువు లోపలి నేలకి పట్టా, ఉన్నవాళ్లకీ దాదాపు ఇదే: నీళ్లు దిగినప్పుడు సాగు మీదే, ఇల్లు మాత్రం కట్టలేరు.

ఆ రైతు అమ్మలేదు. పెళ్లికి అప్పు చేశాడు, అది వేరే కథ.

మిగిలినవి, గబగబా

నాలా కన్వర్షన్ అయింది కాబట్టి జోన్ మారినట్టే అంటారు. కాదు. అది వ్యవసాయ భూమిని వ్యవసాయేతరం అని రెవెన్యూ రికార్డులో రాసుకోవడం. ఒకాయనైతే "నాలా క్లియర్ అయింది సార్" అని కాగితం చూపించి, పక్కనున్న మురుగు నాలాకి బఫర్ అక్కర్లేదని వాదించాడు. రెండు నాలాలకీ పేరు తప్ప చుట్టరికం లేదు. రిజిస్ట్రేషన్, బ్యాంకు లోను, కరెంటు మీటరు కూడా జోన్‌కి సాక్ష్యాలు కావు.

111 జీవో పోయింది, ఎక్కడైనా కట్టుకోవచ్చు అంటారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 84 గ్రామాలకు 1996లో వచ్చిన ఆంక్షల్ని తొలగిస్తున్నట్టు 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతుతో. దానివల్ల మీ సర్వే నంబరు రాత్రికి రాత్రి రెసిడెన్షియల్ కాదు, బఫర్ పోదు. వాట్సాప్‌లో తిరిగే లేఅవుట్ బ్రోచర్లను నమ్మకండి.

హైడ్రా వచ్చింది, ఇక చెరువుల జోలికి ఎవరూ రారు అంటారు. 2024 జులైలో ఏర్పడ్డ ఆ సంస్థ పని ఆక్రమణల మీద. సీఎల్‌యూ తీసుకుని, అనుమతి తీసుకుని, బఫర్ వదిలి కట్టిన టవరు ఆక్రమణ కాదు.

మనం వ్యతిరేకించడమే గానీ ఏదీ అడగలేం. అడగొచ్చు. కొత్త ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలతో పాటు సలహాలు కూడా కోరతారు. ఫలానా గుట్ట, ఫలానా ఖాళీ జాగా రిక్రియేషన్‌లో చూపించమని నంబర్లతో రాసివ్వండి. అంతకంటే ముందు మీ లేఅవుట్ పార్కుకి స్థానిక సంస్థ పేరు మీద గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయిందో లేదో నకలు తీయించి చూడండి. పార్కని అందరూ వాకింగ్ చేస్తున్న జాగాలో ఒక పొద్దున కడీలు పాతితే తప్ప ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఫొటో తెచ్చిన సంఘానికి ఇప్పుడు చేస్తున్న పని ఇదీ: సమాచార హక్కు కింద ఆ ఫైలు నకళ్లు అడిగాం, దరఖాస్తు నక్షాలో నాలా చూపించారో లేదో చూడాలి. చూపించకపోతే వకీలు దగ్గరికి వెళ్తాం. ఈలోగా కుంటకి పడమటి వైపు ఇంకో ఆరెకరాలకు నోటీసు పడింది. ఈసారి వాట్సాప్‌లో దండాలు రాలేదు, కార్యదర్శి నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. బై నంబరు రెండుసార్లు చదివించుకుని రాసుకున్నాను.