క్యామ్ మార్చారు సరే, కంప్యూటర్‌కి చెప్పారా?

ఇంజన్ విప్పి, వాల్వుల్ని తెరిచి మూసే కొత్త క్యామ్‌షాఫ్ట్ (క్యామ్) వేసి, టైమింగ్ గుర్తులు కలిపి కవర్ బిగించేస్తే పని అయిపోయినట్టేనని మన హైదరాబాద్ షెడ్లలో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. పాత ఇంజన్లకి అది నిజమే. అమెరికాలో మనవాళ్లు ఇష్టంగా కొనుక్కునే షెవీ సిల్వరాడో లాంటి పికప్ ట్రక్కుల్లో మాత్రం అసలు పని అక్కడే మొదలవుతుంది. వాటి వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌లో ఉన్న ఒకే ఒక్క క్యామ్, బండి నడుస్తుండగానే తన కోణం మార్చుకుంటుంది.

క్యామ్ ముందు ఫేజర్ ఉంటుంది. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ద్వారా అందులోకి ఆయిల్ పంపిస్తే, క్యామ్‌ని తిప్పే పళ్ల చక్రమైన స్ప్రాకెట్‌కీ క్యామ్‌కీ మధ్య కోణం మారుతుంది. ప్రెషర్ లేనప్పుడు ఫేజర్ పూర్తి అడ్వాన్స్‌లో (వాల్వులు వీలైనంత ముందుగా తెరుచుకునే కోణంలో) ఆగి ఉంటుంది, అక్కడి నుంచి ఎంత రిటార్డ్ (ఆలస్యం) చేయాలో ఈసీయూలో ఉండే అంకెల టేబుల్ చెబుతుంది. కొన్ని జీఎం ఇంజన్లలో ఈ కదలిక క్రాంక్‌షాఫ్ట్ తిరిగే లెక్కన 62 డిగ్రీల దాకా ఉంటుంది.

ప్రమాదమూ ఇక్కడే. వాల్వుల్ని ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరిచే క్యామ్ వేసి అంతదూరం కదలనిస్తే, ఇంకా మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వ్‌ని పైకొచ్చే పిస్టన్ గుద్దేస్తుంది. టేబుల్‌లో అంకె తగ్గిస్తే చాలదు, సోలెనాయిడ్ ఇరుక్కుందంటే టేబుల్ మాట వినేవాళ్లుండరు. అందుకే ఫేజర్ లోపల లిమిటర్ వేసి కదలికని 20 డిగ్రీల చుట్టుపక్కలకి కుదిస్తారు. అది వేశాక కూడా పిస్టన్ మీద మెత్తటి క్లే అంటించి, క్యామ్‌ని పూర్తి రిటార్డ్‌లో పెట్టి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, నలిగిన చోట క్లే ఎంత మందాన మిగిలిందో కొలవాల్సిందే.

ఇక ట్యూనింగ్ అంతా ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుందన్న దాని మీదే నడుస్తుంది. పిస్టన్ కిందికెళ్లి మళ్లీ పైకి లేవడం మొదలెట్టాకే అది మూసుకుంటుంది. 5,500 ఆర్పీఎంలో వచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఆలస్యమైనా సిలిండర్ నిండుతూనే ఉంటుంది, అదే 1,500లో అయితే వచ్చిన గాలినే పిస్టన్ వెనక్కి తోసేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో కింది ఆర్పీఎంలో అడ్వాన్స్, పై ఆర్పీఎంలో రిటార్డ్ అనేది అందుకే. తలనొప్పి ఎందుకని కొందరు ఫేజర్‌ని లాక్ చేసేస్తారు. ట్రైలర్ లాగే బండికి అది అన్యాయం, దానికి కింద కావాల్సిన బలాన్నీ పైన కావాల్సిన ఊపిరినీ రెండింటినీ ఇవ్వగలిగింది ఫేజరే.

ఐడ్లింగ్‌లో రిటార్డ్ సున్నా దగ్గర మొదలుపెట్టండి. ఒకే క్యామ్ కాబట్టి ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఫేజర్‌తో తగ్గదు. కాలకుండా జారిపోయిన గాలిని చూసి ఆక్సిజన్ సెన్సార్ పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. కోణం మారిన ప్రతిసారీ సిలిండర్‌లో పట్టే గాలి కూడా మారుతుంది, ఆ లెక్కని కూడా సరిచేయాలి.

ఎక్కడో హ్యూస్టన్‌లో ఇంకొకరు ట్యూన్ చేసుకున్న ఫైలు తెచ్చి ఈసీయూలోకి ఎక్కించకండి. హ్యూస్టన్ దాదాపు సముద్రమట్టంలో ఉంది, మన హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి పీడనం 5, 6 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ ఇక్కడ ఫుల్ థ్రాటిల్‌లో కూడా ఆ టేబుల్‌లో ఎక్కువ గాలికి రాసిన పై వరసల్ని అందుకోదు.

చివరగా బండి నడుస్తుండగా రికార్డు చేసిన లాగ్‌లో ఈసీయూ అడిగిన కోణం, క్యామ్‌కి నిజంగా వచ్చిన కోణం పక్కపక్కన పెట్టి చూడండి. మే మధ్యాహ్నం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద నడిచొచ్చిన ఇంజన్‌లో అడిగింది 15, వచ్చింది 9 అని కనిపిస్తే టేబుల్ జోలికి వెళ్లొద్దు, ముందు ఆయిల్ ప్రెషర్, ఆయిల్ గ్రేడు, సోలెనాయిడ్ జల్లెడ చూడండి.