సాన్ సెబాస్టియన్ బార్లు, పించోలు: అపోహలు - వాస్తవాలు

ఉత్తర స్పెయిన్‌లో, ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న సాన్ సెబాస్టియన్‌లో ఒక పించో బార్ కౌంటర్ వెనక పని చేస్తాను. ఈ ప్రాంతపు సొంత భాష బాస్క్‌లో ఈ ఊరి పేరు దొనోస్తియా. బోర్డుల మీద రెండు పేర్లూ ఉంటాయి, రెండూ ఒకటే ఊరు, టెన్షన్ పడొద్దు. పించో అంటే రొట్టె ముక్క మీద పెట్టో, పుల్లకు గుచ్చో, చిన్న ప్లేట్‌లోనో ఇచ్చే రెండు మూడు ముద్దల తిండి. సాయంత్రమైతే జనం ఒక బార్‌లో ఒకటి తిని, కాస్త గొంతు తడుపుకుని పక్క బార్‌కి పోతారు, అక్కడి నుంచి ఇంకోదానికి. ఈ తిరుగుడుని పోతేయో అంటారు. జర్మనీ నుంచో ఐర్లండ్ నుంచో వీకెండ్‌కి వచ్చే మన తెలుగువాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు, అందరూ అవే వీడియోలు చూసి అవే అపోహలతో దిగుతున్నారు. ఒకచోట రాసి పెడితే లింకు పంపించొచ్చు కదా అని ఇది రాస్తున్నాను.

అపోహ: డ్రింక్ కొంటే తిండి ఫ్రీ

అది దక్షిణాన గ్రనాడా లాంటి ఊళ్ళ పద్ధతి. ఇక్కడ ప్రతి పించోకీ డబ్బు కట్టాలి. ఉరుమెయా నది దాటి గ్రోస్ పేటకి వెళ్తే గురువారం సాయంత్రాలు పించో-పోతే అని ఉంటుంది, చాలా బార్లలో ఒక డ్రింకూ ఒక పించో కలిపి తక్కువ ధరకి ఇస్తారు. కుర్రాళ్ళంతా అక్కడే ఉంటారు, కాలు పెట్టే సందు ఉండదు. అదీ ఫ్రీ కాదు.

అపోహ: కౌంటర్ మీద పరిచినవన్నీ బఫే, ప్లేట్ నింపుకోవడమే

మాకు అన్నిటికంటే ఎక్కువ చికాకు తెప్పించేది ఇదే. కౌంటర్ నిండా రంగురంగులుగా పరిచి ఉంటాయి కాబట్టి పెళ్లి భోజనాల్లో క్యూ కట్టినట్టు వరసగా ఆరేడు ఎత్తి పెట్టుకుని మూలకి వెళ్లి కూర్చుంటారు. కొన్ని బార్లు కూడా టూరిస్టుల కోసం పెద్ద పెద్ద ప్లేట్లు చేతికిచ్చి ఈ అలవాటుకి ఆజ్యం పోస్తున్నాయి. నా మాట వింటే, రాగానే చేతికి ఇంత పళ్ళెం పెట్టే చోట నుంచి మర్యాదగా బయటికి వచ్చేయండి.

అసలు సరుకు కౌంటర్ మీద ఉండదు, గోడ మీది నల్లబల్ల మీద ఉంటుంది. అక్కడ రాసినవి అడిగాక వేడివేడిగా చేసి ఇస్తారు. పాత ఊళ్ళో గన్‌బారా అనే బార్ ఉంది. అక్కడ కౌంటర్ మీద అడవి పుట్టగొడుగులు పచ్చివే గుట్టగా పోసి ఉంటాయి. అడిగితే వాటిని పెనం మీద నూనె, ఉప్పుతో వేయించి, ప్లేట్ మధ్యలో ఒక పచ్చి గుడ్డు సొన వేసి ఇస్తారు. పుట్టగొడుగు వేడి తగ్గకముందే ఆ సొన పగలగొట్టి కలపాలి, ఫోటోలు తీస్తూ కూర్చుంటే సొన సొనగానే ఉండిపోతుంది. లా కుచారా దె సాన్ తెల్మోలో అయితే కౌంటర్ మీద పరిచే పద్ధతే లేదు, అంతా లోపల అప్పటికప్పుడు వండేదే. అక్కడికొచ్చి ఖాళీ కౌంటర్ చూసి ఇంకా తెరవలేదేమో అనుకుని వెనక్కి పోయేవాళ్ళున్నారు!

ప్రతి బార్‌కీ చేయి తిరిగిన ఐటమ్ ఒకటో రెండో ఉంటాయి. ఒకచోట ఆంచోవీ చేపలు, ఇంకోచోట రొయ్యలు, మరోచోట రెడ్ వైన్‌లో గంటల తరబడి ఉడికిన బుగ్గ మాంసం. ఊరివాళ్ళు ఆ ఒక్కటీ తిని కదిలిపోతారు. అన్నీ ఒక్క బార్‌లోనే తిని కడుపు నింపేసుకుంటే తర్వాతి బార్‌లో ఏం తింటారు? కౌంటర్ మీది చల్లటివి తినాలనుంటే బార్ తెరిచిన కొత్తలో, అంటే మధ్యాహ్నం 12:30 ప్రాంతంలోనో రాత్రి భోజనాల వేళ మొదట్లోనో తినండి, అప్పుడు రొట్టె మెత్తబడి ఉండదు. తీసుకునే ముందు మా కళ్ళలోకి చూసి, వేలు చూపించి అడగండి చాలు, భాష రాకపోయినా పర్వాలేదు.

అపోహ: నైట్‌లైఫ్ అంటే అర్ధరాత్రి తర్వాతే

స్పెయిన్ అనగానే రాత్రి 11కి తీరిగ్గా బయల్దేరతారు. అప్పటికి చాలా బార్లలో వంటగది కడిగేసి ఉంటుంది, మామూలు రోజుల్లో అయితే షట్టర్ సగం దించి నేల తుడుస్తుంటాం. తిండి తిరుగుడు రెండు పూటలు. మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఒకటి, రాత్రి 7:30 నుంచి 10:30 దాకా ఒకటి. మధ్యలో సాయంత్రం 5 గంటలకి ఆకలితో వచ్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. వేడిది ఏదీ ఉండదు, మధ్యాహ్నం మిగిలినవే కౌంటర్ మీద ఎండుతుంటాయి. ఆ టైమ్‌కి లా కొంచా బీచ్ ఒడ్డున నడవండి, ఆకలి పెంచుకోండి.

బార్ నెస్తోర్ ఆలుగడ్డ ఆమ్లెట్ గురించి అందరూ అడుగుతారు. అది మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి వేస్తారు, అంతే. ముందే మనిషి వెళ్లి పేరు చెప్పి ముక్క రిజర్వ్ చేసుకోవాలి. ఫోన్లూ ఆన్‌లైన్‌లూ నడవవు. ఇంత చేసి దొరికేది ఒక్క ముక్క. బాగుంటుందా అంటే బాగుంటుంది, దాని కోసం సాయంత్రమంతా ప్లాన్ మార్చుకోవాలా అంటే నేనైతే మార్చుకోను.

డాన్సులూ క్లబ్బులూ ఈ ఊళ్ళో లేవని కాదు, ఉన్నాయి, అవి పోతేయో అయిపోయాక మొదలవుతాయి. ఊరు ఊరంతా రాత్రంతా మేలుకుని ఉండేది చూడాలంటే జనవరి 19 రాత్రి రండి. 12 గంటలకి డప్పులు మొదలైతే 20వ తేదీ అర్ధరాత్రి దాకా ఆగవు, తంబొరాదా అంటారు ఆ పండుగని.

అపోహ: మందు అలవాటు లేనివాళ్ళకి అక్కడేం పని

చాలా పని ఉంది. అసలు ఇక్కడ తాగేదే కొంచెం. సురీతో అంటే చిన్న గ్లాసులో నాలుగు గుక్కల బీరు. చాకొలి అనే తెల్ల వైన్ ఉంటుంది, పక్కనున్న గెతారియా వైపు కొండల మీద పండే ద్రాక్షతో చేస్తారు, పుల్లగా, కాస్త చురుక్కుమంటుంది. సీసా తల మీదికెత్తి సన్నటి ధారగా వెడల్పాటి గ్లాసులో రెండు వేళ్ళ మందం పోస్తాం. అది షో అనుకుంటారు గానీ అంత ఎత్తు నుంచి పడితేనే అందులో ఉన్న కొద్దిపాటి గ్యాస్ మేలుకుంటుంది, అందుకే నిండా పోయం, పోసింది వెంటనే తాగేయాలి. నడుస్తూ, తింటూ, కొంచెం కొంచెం తాగడమే పద్ధతి కాబట్టి 9 గంటలకే తూలే మనిషి దాదాపు ఎప్పుడూ బయటి ఊరివాడే.

అస్సలు తాగనివాళ్ళు మోస్తో అడగండి. ద్రాక్ష రసం, ఆల్కహాల్ ఉండదు, ఐసూ నారింజ ముక్కా వేసి ఇస్తారు. బామ్మలూ, చిన్న పిల్లలూ, డ్రైవింగ్ ఉన్నవాళ్ళూ అదే తాగుతారు. బార్‌లో పిల్లలేంటని ఆశ్చర్యపోకండి, స్ట్రోలర్‌లో పసిపాపని పక్కన పెట్టుకుని తల్లిదండ్రులు నిలబడి తింటుంటారు. లోపల సిగరెట్ కాల్చడం 2011 నుంచి దేశమంతా నిషేధం.

అపోహ: వెజిటేరియన్లకి ఏమీ దొరకదు. దీని తమ్ముడు: అడిగితే వెజ్ చేసిచ్చేస్తారు

రెండూ తప్పే. గుడ్డు తినేవాళ్ళకి ఇబ్బంది లేదు, ఆలుగడ్డ ఆమ్లెట్ ఎక్కడైనా ఉంటుంది, పుట్టగొడుగులున్నాయి, వేసవిలో గెర్నికా మిరపకాయలు నూనెలో వేయించి పైన గళ్ళుప్పు చల్లి ఇస్తారు, టమాటా ముక్కలు ఒట్టి నూనె, ఉప్పుతోనే అమృతంలా ఉంటాయి. గుడ్డు కూడా వద్దంటే జాబితా అక్కడితో దాదాపు అయిపోతుంది. ముందు హోటల్ గదిలో ఏదైనా తినేసి రండి, అబద్ధం చెప్పి రప్పించడం నాకిష్టం లేదు.

అసలు ప్రమాదం మాటల్లో ఉంది. "మాంసం లేకుండా" అంటే ఇక్కడ చాలామంది లెక్కలో హాం (పంది తొడ మాంసం) ముక్కలు మాంసం కాదు, ట్యూనా చేప అంతకన్నా కాదు. వెహెతాల్ (అంటే కూరగాయలది) అని బోర్డు పెట్టిన శాండ్‌విచ్‌లో మామూలుగా ట్యూనా ఉంటుంది. రష్యన్ సలాడ్‌లోనూ అంతే. క్రొకేతా అనే వేయించిన ఉండల్లో చాలావరకు హాం ఉంటుంది, పుట్టగొడుగులవి వేరే అడగాలి. కాబట్టి విడివిడిగా చెప్పండి: "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్, సిన్ అతూన్." అంటే మాంసం, చేప, హాం, ట్యూనా ఏవీ వద్దని. ఇంకో సంగతి, ఈ ప్రాంతపు ఇదియసాబల్ జున్ను గొర్రె పాలతో చేస్తారు, ఆ పాలు విరగ్గొట్టడానికి సంప్రదాయంగా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి.

"అన్నా, ఇందులో బీఫ్ ఉందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు మనవాళ్ళు. గట్టిగానే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. చులేతా అంటే పశువు మాంసమే, బుగ్గ మాంసం బార్‌ని బట్టి ఎద్దుదో పందిదో ఉంటుంది. చేపలు తినేవాళ్ళకి మాత్రం ఈ ఊరు స్వర్గం.

అపోహ: గిల్డా భలే కారం

ఒక పుల్లకి ఆలివ్ కాయ, మడిచిన ఆంచోవీ, వెనిగర్‌లో ఊరిన సన్నటి పచ్చ మిరపకాయలు రెండు మూడు గుచ్చితే గిల్డా. 1940ల్లో ఈ ఊరి కాసా వాయెస్ బార్‌లో పుట్టింది, 1946లో వచ్చిన హాలీవుడ్ సినిమా గిల్డా పేరు పెట్టారు. ఉప్పగా, పుల్లగా, ఇక్కడివాళ్ళ నాలుకకి కొంచెం కారంగా ఉంటుంది. గుంటూరు నాలుకకి కారమన్న సంగతే తెలియదు. కొరుక్కు తినకండి, పుల్లలోంచి మొత్తం ఒకేసారి నోట్లోకి లాగాలి, అప్పుడే మూడు రుచులూ కలుస్తాయి.

అపోహ: బర్న్ట్ చీజ్‌కేక్ బాస్క్ అమ్మమ్మల నాటి వంట

హైదరాబాద్ కేఫ్‌ల మెనూల్లో అలాగే రాస్తున్నారు. పాత ఊళ్ళో 31 ఆగస్టు వీధిలో లా వీన్యా అనే బార్‌లో సాన్తియాగో రివేరా 1990 ప్రాంతంలో తయారు చేసిన రెసిపీ అది. అక్కడ దాని పేరు ఒట్టి "జున్ను కేకు", కాలిందని కూడా అనరు. ఆ వీధి పేరుకి మాత్రం పాత చరిత్రే ఉంది. 1813 ఆగస్టు 31న, నెపోలియన్ సైన్యం చేతిలోంచి ఊరిని పట్టుకున్న ఇంగ్లీషు, పోర్చుగీసు సైనికులు దోచుకుని తగలబెట్టారు, అప్పుడు మిగిలిన ఇళ్ళు దాదాపు ఈ వీధివే.

అపోహ: మిషెలిన్ స్టార్ల ఊరు, జేబు ఖాళీ

అర్సాక్, అకెలార్రె లాంటి మూడు స్టార్ల రెస్టారెంట్ల లెక్క వేరు. బార్లలో పించో మామూలుగా 2.5 నుంచి 5 యూరోల మధ్య ఉంటుంది, నాలుగైదు బార్లు తిరిగితే కడుపు నిండుతుంది. గుంపుగా వచ్చే ఊరివాళ్ళు మొదట్లోనే తలా 20 యూరోలో ఎంతో ఒకరి చేతిలో పెడతారు, ప్రతి బార్‌లో ఆ మనిషే కడతాడు. ఎవరు ఎంత తిన్నారనే తగువు ఉండదు, ఫోన్‌లో లెక్కల యాప్ తెరవక్కర్లేదు. టిప్ ఇవ్వాలన్న రూలు లేదు, చిల్లర వదిలితే సంతోషం.

పుల్లలు లెక్కపెట్టి బిల్లు వేస్తారన్నది సగం నిజం, అలా చేసే చోట్లు ఉన్నాయి గానీ ఇక్కడ ఎక్కువగా మీరు ఏం తిన్నారో మీరే చెప్తారు, మేం నమ్ముతాం. "మే కోబ్రాస్?" అంటే లెక్క చూసి చెప్తాం. అబద్ధం చెప్తే దొరకరని కాదు, కౌంటర్ వెనక నిలబడ్డవాడికి అన్నీ కనిపిస్తాయి.

అపోహ: నేల మీద కాగితాలుంటే ఆ బార్ మురికిది

తుడుచుకున్న కాగితం కింద పడేయడం పాత అలవాటు, ఇప్పుడు తగ్గిపోతోంది. చూసి చేయండి, శుభ్రంగా ఉన్న చోట మీరే మొదలుపెట్టకండి.

అపోహ: బిల్బావో అయినా ఇదే కథ

బిల్బావో ఇంకో బాస్క్ నగరం, 100 కిలోమీటర్ల దూరం, బస్సులో గంటకు పైన, కానీ తీరు వేరు. అక్కడ పాతపేటలో పెద్దవాళ్ళ గుంపులు మందపాటి అడుగున్న గ్లాసుల్లో చుక్క వైన్ తాగుతూ బార్ బార్‌కీ తిరుగుతారు, తిండి కంటే కబుర్లూ పాటలూ ఎక్కువ. మొదటిసారి అయితే ప్లాసా నువేవా చతురస్రం చుట్టూ వరండాల్లో ఉన్న బార్లతో మొదలుపెట్టండి. అక్కడి ఫుట్‌బాల్ జట్టు అథ్లెటిక్ క్లబ్ మ్యాచ్ ఉన్న రోజు పోసాస్ వీధికి వెళ్తే సాన్ మమేస్ స్టేడియం దాకా ఎరుపూ తెలుపే.

చివరగా టికెట్లు బుక్ చేసే ముందు ఒక్క మాట. సోమవారం చాలా మంచి బార్లు మూసి ఉంటాయి, కొన్ని ఆదివారం రాత్రి నుంచే. ఆగస్టు మధ్యలో ఊరి జాతర, సెప్టెంబర్‌లో ఫిల్మ్ ఫెస్టివల్, ఈ రెండు సమయాల్లో గది అద్దెలు మండిపోతాయి, కౌంటర్ దగ్గర మోచెయ్యి ఆనించే జాగా కూడా ఉండదు. మే నెలలోనో అక్టోబర్‌లోనో, బుధవారమో గురువారమో రండి. గొడుగు తెచ్చుకోండి, ఇక్కడ వాన అడిగి రాదు.