ఆకాశంలో ఆ నల్లచార

"లెన్సు పాడైపోయిందా?" అంటూ ఒక పాఠకుడు ఫోటో పంపారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 16 ఎంఎం వైడ్ యాంగిల్ లెన్సు, దానిమీద పోలరైజర్, అంటే వెలుగులో ఒక దిశ కంపనాలనే పంపే ఫిల్టర్. దాని రింగు తిప్పితే ఆ దిశ మారుతుంది. తెల్లవారుజామున తీశారు. ముందు సరస్సు, వెనక కొండలు. ఆకాశం మాత్రం మధ్యలో సిరా ఒలికినట్టు ముదిరి, రెండు అంచుల్లో పాలిపోయింది.

లెన్సుకు ఏ రోగమూ లేదు. ఆకాశమే అలా ఉంటుంది, మన కన్ను దాన్ని పట్టుకోలేదు. తేనెటీగలు పట్టుకుంటాయి, దాన్ని చూసే దారి తెలుసుకుంటాయి. ఆ సంగతి బయటపెట్టింది ఆస్ట్రియా జీవశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్.

చూపుడువేలు సూర్యుడి వైపు చాపండి. బొటనవేలిని దానికి లంబంగా నిలిపి మణికట్టు తిప్పండి. బొటనవేలు గీసిన దారే ఆ చార. అక్కడి వెలుగు ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని కంపనాలు ఎక్కువగా ఒకే దిశలో సాగుతాయి. పోలరైజర్ వాటిని ఆపేస్తే అక్కడ ఆకాశం నల్లబడుతుంది. సూర్యుడు పొడిచేటప్పుడు ఆ పట్టీ నెత్తిమీదుగా విల్లులా నిలబడుతుంది. నడినెత్తికి వచ్చాడా, క్షితిజం చుట్టూ మొలతాడులా పడుకుంటుంది.

ఇక లెక్క. సూర్యుడు తూర్పున, కెమెరా ఉత్తరానికి. గాలి అణువులు తప్ప దుమ్మూ తేమా లేవనుకుంటే ఫ్రేమ్ నడుమ ధ్రువణం 100 శాతం. 50 ఎంఎం లెన్సుకు అంచుల్లోనూ 79 శాతం ఉంటుంది, కాబట్టి తేడా ఆనదు. 24 ఎంఎం దగ్గర 47. 16 ఎంఎం దగ్గర 28! అసలు ఆకాశంలో ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి గానీ చార పోదు.

ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో 1809లోనే ఆకాశంలో ధ్రువణాన్ని గమనించాడు. మన తరగతి గదుల్లో మాత్రం ఈ పాఠం తాడు, రెండు చీలికల బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. కిటికీ తెరిచి పైకి చూడమన్న మాస్టారు నాకు దొరకలేదు. ఫోటోగ్రాఫర్లకేమో మరో మూఢాచారం: ఆకాశం బాగా నల్లబడేదాకా రింగు తిప్పాల్సిందేనని!

నన్నడిగితే వైడ్ యాంగిల్ మీద పోలరైజర్ ఉన్నది నీళ్ల కోసం. నీటి మీది మెరుపు పూర్తిగా ధ్రువణం చెందేది లంబం నుంచి 53 డిగ్రీల దగ్గర, అంటే చూపు 37 డిగ్రీలు కిందికి వాలినప్పుడు. ఆ 53 డిగ్రీలనే బ్రూస్టర్ కోణం అంటారు. 16 ఎంఎం లెన్సును అడ్డంగా, సమంగా పెడితే ఫ్రేమ్ కింది అంచు సరిగ్గా ఆ 37 డిగ్రీల మీదే పడుతుంది! కెమెరాను మరో 15 డిగ్రీలు వంచండి. ఆ కోణం కింది సగం నడుమకు జరుగుతుంది, ఆకాశం పై మూడో వంతులోకి ముడుచుకుంటుంది. దగ్గరి నీళ్లలో రాళ్లు తేటగా కనబడతాయి, దూరాన కొండ నీడ చెదరదు. పైన చార గీసిన అసమానతే ఇక్కడ మనకు పని చేసిపెడుతుంది.

ఇంకో చిత్రం ఉంది. నీటి మెరుపును ఆపాలంటే ఫిల్టర్ నిలువు కంపనాలనే పంపాలి. పొద్దున ఉత్తరపు క్షితిజం దగ్గరి ఆకాశంలో ఉన్నవీ ముఖ్యంగా నిలువువే. గాలి అణువులు వెలుగును చెదరగొట్టే రేలీ పరిక్షేపణంలో ఈ నిలువు భాగం నడుమా అంచులా ఒకే ప్రకాశంతో వస్తుంది. అందుకే నీళ్లకని రింగు తిప్పితే పైన చార కూడా చాలావరకు మాయమవుతుంది.

మరి ఆ కొండలు? వైడ్ యాంగిల్ వాటిని ఎలాగూ చీమల్ని చేస్తుంది. ట్రైపాడ్‌ను మోకాలి ఎత్తుకు దించి, ఒడ్డున మంచి రాయి ఒకటి వెతుక్కుని, అడుగు దూరానికి వెళ్లమని ఆ పాఠకుడికి రాశాను.