ఆసుపత్రి యూనియన్‌కు ముడి పడింది 2001లోనే

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఆసుపత్రుల్లో యూనియన్ల చర్చ మళ్లీ రాజుకుంది. వాదనంతా సమ్మెకు ముందు 60 రోజుల్లోపు నోటీసు ఇచ్చి తీరాలన్న నిబంధన చుట్టూ తిరుగుతోంది. ఆ నిబంధన కఠినమైనదే. అయినా ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులు, ఆయాలు, టెక్నీషియన్లు ఒక యూనియన్‌గా నిలవలేకపోవడానికి కారణమైన అసలు ముడి దానికి చాలా ముందే పడింది. 2001లో నాలుగైదు రోజుల తేడాతో వచ్చిన ఒక తీర్పు, ఒక చట్ట సవరణ చూడకుండా ఈనాటి గొడవ అర్థం కాదు.

అంతకు ముందు కథ క్లుప్తంగా ఇదీ. పారిశ్రామిక వివాదాల చట్టం రక్షణ ‘పరిశ్రమ’ కిందికి వచ్చే సంస్థల్లోని వారికే ఉండేది. ఆసుపత్రి ‘పరిశ్రమ’ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1960లో చెప్పింది, 1970లో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేసులో రాదంది, 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ వస్తుందంది. 1982లో పార్లమెంటు ఆసుపత్రులను ఆ నిర్వచనం నుంచి తప్పిస్తూ సవరణ చేసినా, ఆ భాగాన్ని ఏ ప్రభుత్వమూ అమలు చేయలేదు. కాబట్టి యూనియన్ హక్కు కాగితం మీద చెక్కుచెదరలేదు.

2001 ఆగస్టు 30న ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వెలువడింది. ఊడ్చడం, తుడవడం, కాపలా పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంటూ కేంద్రం తన పరిధిలోని సంస్థలకు 1976లో ఇచ్చిన నోటిఫికేషన్‌ను కోర్టు కొట్టేసింది. కాంట్రాక్టు రద్దయితే ఆ కార్మికులు వాళ్లంతట వాళ్లే ప్రధాన యజమాని (పని చేయించుకునే సంస్థ) ఉద్యోగులైపోతారన్న 1996 నాటి ఎయిరిండియా తీర్పును కూడా పక్కన పెట్టింది. ఆ నోటిఫికేషన్ రాష్ట్రాల పరిధిలోని ఆసుపత్రులకు నేరుగా వర్తించేది కాదు. తీర్పులోని సూత్రం మాత్రం అందరికీ వర్తించింది. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, అంబులెన్సు, లాండ్రీ, వార్డు బాయ్ పనులను ఏజెన్సీలకు ఇవ్వడంలో ఉన్న చట్టపరమైన భయం పోయింది. ఒకే వార్డులో ఒకే షిఫ్టులో పనిచేసే పదిమందికి ముగ్గురు యజమానులు తయారయ్యారు.

తీర్పు వచ్చిన నాలుగైదు రోజుల్లోనే ట్రేడ్ యూనియన్ల సవరణ చట్టానికి ఆమోదం లభించి, 2002 జనవరి 9 నుంచి అమలైంది. అంతవరకు ఏడుగురు సంతకం చేస్తే యూనియన్ రిజిస్టర్ అయ్యేది. సవరణ తర్వాత ఏడుగురి సంతకం ఒక్కటే చాలదు. ఆ సంస్థలో లేదా ఆ పరిశ్రమలో పనిచేసేవారిలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది, దరఖాస్తు నాటికే సభ్యులై ఉండాలి. కనీసం ఏడుగురైనా ఉండాలి. ఆ సంఖ్య తర్వాత కూడా తగ్గకూడదు. యూనియన్ల మధ్య పోటీ తగ్గించడానికే ఈ మార్పు అని ప్రభుత్వం చెప్పుకుంది. ఆసుపత్రిలో జరిగింది వేరు. ఏజెన్సీ సిబ్బంది ఏ సంస్థ లెక్కలోకి వస్తారన్న తగాదా మొదలైంది. ఆ తగాదా తేలేలోపే కాంట్రాక్టు మారి సభ్యులు చెల్లాచెదురయ్యారు.

2020లో ఆమోదం పొంది 2025లో అమల్లోకి వచ్చిన రెండు కోడ్‌లు ఈ ముడులను విప్పలేదు, పైగా బిగించాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ 10 శాతం లేదా 100 షరతును అలాగే ఉంచింది. వృత్తి భద్రత కోడ్ సంస్థ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టును నిషేధిస్తూ మినహాయింపులూ పెట్టింది. పారిశుద్ధ్యం, చెత్త తరలింపు, హౌస్‌కీపింగ్, లాండ్రీ, అంబులెన్సు సహా రవాణా ముఖ్యమైన పనులు కావని రాసింది. ఆపరేషన్ థియేటర్ నేల ఎలా తుడుస్తున్నారో, ఐసీయూ దుప్పట్లు ఎలా ఉతుకుతున్నారో దాన్ని బట్టే రోగికి ఇన్ఫెక్షన్ రావడమో రాకపోవడమో ఉంటుంది. అలాంటి పనిని ఫ్యాక్టరీ గేటు బయటి పూలమొక్కల పనితో ఒకే గాటన కట్టారు. యాజమాన్యాల వాదన ఒక్కటే: రోగుల ప్రాణాలతో ముడిపడిన చోట పని ఆగకూడదు. న్యాయమైన మాటే. అయితే నైట్ డ్యూటీలో ఒక నర్సుకు ఎంతమంది రోగులను అప్పగిస్తున్నారన్నదీ ప్రాణాలతో ముడిపడిన ప్రశ్నే. దాన్ని యాజమాన్యం ముందు గట్టిగా అడగగలిగేది యూనియన్ ఒక్కటే.

ఇప్పుడు యూనియన్ పెట్టేవాళ్లు 2001 నేర్పిన పాఠంతోనే మొదలుపెట్టాలి. ఒక్క ఆసుపత్రి పేరుతో కాకుండా జిల్లా ప్రైవేటు ఆసుపత్రుల ఉద్యోగుల యూనియన్‌గా పెట్టుకుంటే, పరిశ్రమ మొత్తానికి గరిష్ఠ షరతు 100 మందే. ఏజెన్సీ సిబ్బంది కూడా సభ్యులు కావచ్చు, ఏజెన్సీ మారినా సభ్యత్వం పోదు. 2011లో మొదలైన కేరళ నర్సుల ఉద్యమం నడిచింది ఈ దారిలోనే, ఆసుపత్రికొక సంఘంగా కాదు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు నర్సుల కనీస వేతనాన్ని నెలకు 20,000 రూపాయలుగా నోటిఫై చేయక తప్పలేదు.

దరఖాస్తు మీద ఏడుగురితో ఆపకూడదు. దరఖాస్తుదారుల్లో సగం మందికి మించి వెనక్కి తగ్గితే అది చెల్లదు. ఏడుగురిలో నలుగురిని పిలిచి బెదిరిస్తే సరిపోతుంది, అదే ఇరవైమంది ఉంటే పదకొండు మందిని లొంగదీయాలి. ప్రతి సభ్యుడి పేరు, హోదా, చిరునామా, చేరిన తేదీ, సంతకం, చందా రసీదు నంబరు ఒకే రిజిస్టరులో ఉండాలి. నియమావళిలో నిధుల ఖర్చు, ఏటా ఆడిట్, సభ్యుల జాబితా తనిఖీ, కార్యవర్గం ఎన్నిక, తొలగింపు, నియమాల సవరణ, యూనియన్ రద్దు విధానం తప్పకుండా రాయాలి. వీటిలో ఒక్కటి తప్పినా రిజిస్ట్రార్ తిప్పి పంపుతారు, ఆ వారాల్లోనే యాజమాన్యానికి పేర్లు తెలిసిపోతాయి. బయటివారు కార్యవర్గంలో మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతవరకే ఉండాలి.

నర్సుల విషయంలో తరచూ వచ్చే అడ్డంకి హోదా. సూపర్‌వైజర్‌గా పనిచేస్తూ నెలకు 18,000 దాటి జీతం తీసుకుంటే, యూనియన్ల అధ్యాయం తప్ప పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని మిగతా వాటికి కార్మికుడి కిందికి రారు. అందుకే కొన్నిచోట్ల స్టాఫ్ నర్సుకు ఇన్‌చార్జి, ఎగ్జిక్యూటివ్ అని పేరు పెడతారు. లెక్కలోకి వచ్చేది చేసే పని, పేరు కాదు. ఇంజెక్షన్లు, డ్రెస్సింగ్, మందుల చార్టు రాసేది ఆమే అయితే అది నైపుణ్యం గల పని, దానికి జీతం పరిమితి లేదు. డ్యూటీ రోస్టర్, నర్సింగ్ నోట్స్‌లో సంతకాల నకళ్లు దీనికి రుజువు. ఏజెన్సీ వారి విషయంలోనూ రోస్టర్ వేసేదెవరు, సెలవు ఇచ్చేదెవరు, తప్పు చేస్తే మెమో ఇచ్చేదెవరు అన్నవే కాంట్రాక్టు బూటకమని, వాళ్లు నిజానికి ఆసుపత్రి ఉద్యోగులేనని చూపడానికి పనికొస్తాయి. స్టీల్ అథారిటీ తీర్పు మూయకుండా వదిలిన తలుపు అదొక్కటే.

ట్రస్టు ఆసుపత్రుల్లో మరో చిక్కు ఉంది. పూర్తిగా లేదా గణనీయంగా దాతృత్వ సేవలో ఉన్న సంస్థలు నడిపే వాటిని కోడ్ పరిశ్రమ నిర్వచనం నుంచి తప్పించింది. ట్రస్టు పేరు బోర్డు మీద ఉంటే చాలదు. ఫీజుల రాబడి, ఉచిత మంచాల లెక్క ముందే సేకరించి పెట్టుకోవాలి.

రిజిస్ట్రేషన్ తర్వాత రక్షిత కార్మికులుగా గుర్తించాలని నేతల పేర్లు వెంటనే ఇవ్వాలి. సిబ్బందిలో ఒక శాతం, కనీసం ఐదుగురు, గరిష్ఠం 100. పారిశ్రామిక వివాదం కేసు నడుస్తున్నంతకాలం అధికారి అనుమతి లేకుండా వీరిని తీసేయడం కుదరదు. సగం మంది ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా ఇప్పుడు సమ్మె కిందే లెక్క. నోటీసు ఇచ్చి 14 రోజులు గడవాలి, రాజీ చర్చలు సాగుతుంటే ఆగాలి. అక్రమ సమ్మెకు ఒక్కొక్కరికి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ.

ఇన్ని దాటినా మిగిలేది 51 శాతం లెక్క. ఒకటికి మించి యూనియన్లు ఉన్నప్పుడు మస్టర్ రోల్‌లో (సంస్థ హాజరు పట్టీలో) ఉన్నవారిలో 51 శాతం మద్దతు ఉన్నదానికే ఒంటరిగా చర్చించే హక్కు. ఎవరికీ అంత లేకపోతే ప్రతి 20 శాతం మద్దతుకు ఒక సీటు చొప్పున యూనియన్లతో చర్చల మండలి. అది ఎవరి మస్టర్ రోల్? ఏజెన్సీ ఆయాలు, వార్డు బాయ్‌ల పేర్లు ఆసుపత్రి పుస్తకంలో ఉండవు. వాళ్లను వదిలేసి నర్సులు మాత్రమే లెక్కకు వస్తే చర్చల బల్ల దగ్గర సగం వార్డు ఉండదు. వాళ్లను కూడా లెక్కించాలని అడగాల్సింది సభ్యత్వ పరిశీలన ప్రకటించిన రోజే, అది ముగిశాక కాదు.