చెట్టుకు ఎన్ని కాయలు? తోతాపురి అంచనాల వెనుక వందేళ్ల కథ

2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు, లారీలు బారులు తీరాయి. కాపు విరగకాసింది. కిందటి సీజను గుజ్జు ఇంకా గోదాముల్లోనే ఉందంటూ ఫ్యాక్టరీలు కొనుగోలు తగ్గించాయి. టోకెను దొరికినవారు ఎండలో లోడు పెట్టుకుని వంతు కోసం ఎదురుచూశారు. దొరకనివారు ర్యాంపుల్లో, అంటే వ్యాపారుల కొనుగోలు స్థలాల్లో, అడిగిన ధరకు ఇచ్చి పోయారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, మరో 4 రూపాయలు తాము కలుపుతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. బయటి కాయ వచ్చి పడకుండా కర్ణాటక తోతాపురిని జిల్లా సరిహద్దులోనే ఆపేశారు. దానిపై కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. జులైలో కేంద్రం ఆంధ్రప్రదేశ్ తోతాపురికి 1.62 లక్షల టన్నుల మేరకు, క్వింటాలుకు 1,490.73 రూపాయల ధరతో మద్దతు మంజూరు చేసింది.

ఈ నిర్ణయాలన్నిటి అడుగున ఉన్నది ఒకే ఒక్క సంఖ్య, ఆ ఏడాది తోతాపురి దిగుబడి అంచనా. రాష్ట్రం చెప్పిన లెక్క సుమారు 6.5 లక్షల టన్నులు. కేంద్రం అమలుచేసే మార్కెట్ జోక్య పథకంలో, ధర మామూలు ఏడాదికన్నా కనీసం 10 శాతం పడిపోయినప్పుడు, పంటలో నాలుగో వంతు వరకు ఆదుకోవచ్చు. 2025 ఫిబ్రవరి వరకు ఆ హద్దు ఐదో వంతే. 1.62 లక్షలను నాలుగుతో గుణించి చూడండి, 6.48 లక్షలు వస్తుంది. అంచనాలో పదో వంతు తేడా వచ్చిందంటే 65 వేల టన్నులు అటో ఇటో అయినట్టే. కిలోకు 4 రూపాయల చొప్పున అది 26 కోట్లు. ఇంత బరువు మోసే సంఖ్య మన ముందుకు ఎప్పుడూ ఒంటరిగానే వస్తుంది. ఎంత వరకు తప్పవచ్చో దాని పక్కన ఉండదు. ఎన్ని చెట్లు చూసి చెప్పారో ఉండదు. ఇలా ఉండనక్కర్లేదని చెప్పే శాస్త్రం మాత్రం ఈ దేశంలోనే, చాలావరకు పంట పొలాల గట్ల మీదే ఎదిగింది.

బ్రిటిష్ కాలంలో పంటను అణాల్లో చెప్పేవారు. పదహారణాల పంట అంటే నిండు పంట. గ్రామాధికారి పొలం గట్టున నిలబడి ఈసారి పన్నెండణాలు అనో, పదణాలు అనో రాసి పంపేవాడు. పైవారు విస్తీర్ణాన్ని మామూలు దిగుబడితో గుణించి, ఆ అణాల వంతు తీసి జిల్లా పంట తేల్చేవారు. మామూలు దిగుబడి అంటే ఎంత అన్నదానిపై ఇద్దరు అధికారులు ఏకీభవించిన సందర్భాలు అరుదు. కంటితో కట్టిన లెక్క మంచి ఏట పంటను తక్కువగా, చెడ్డ ఏట ఎక్కువగా చూపే అలవాటులో పడింది. మనిషి కన్ను నిరుటి పంటను, మామూలు పంటను తలచుకుంటూ చూస్తుంది గనుక అది సహజమే. ధాన్యం ఎంతుందో తెలియని ప్రభుత్వం కరవును ఎదుర్కోలేదని 1943 బెంగాల్ క్షామం తర్వాత విచారణ సంఘం కూడా గుర్తించింది.

దీన్ని మార్చేందుకు మొదట గట్టిగా పూనుకున్నది గణిత శాస్త్రజ్ఞుడు కాదు, జాన్ హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి. 1920లలో బీహార్, ఒరిస్సా వరిపొలాల్లో ఆయన చిన్న చిన్న ముక్కలు కోయించి తూకం వేయించాడు. ఏ పొలంలో, ఏ చోట కోయాలన్నది కోసేవాడి ఇష్టానికి వదలలేదు. ఎంపిక యాదృచ్ఛికంగా జరగాలన్నాడు. బాగున్న మడి వైపే కాలు పోతుందని ఆయనకు తెలుసు.

తర్వాతి అడుగు మహలనోబిస్‌ది. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ఆయన, 1937 నుంచి బెంగాల్ జనపనార పంట విస్తీర్ణాన్ని శాంపిల్ సర్వేలతో అంచనా కట్టాడు. 1941లో ప్రతి కమతాన్నీ లెక్కించిన పూర్తి గణన ఒకవైపు, ఆయన శాంపిల్ సర్వే మరోవైపు నిలిచాయి. వ్యాపార లెక్కలతో పోల్చినప్పుడు శాంపిలే దగ్గరగా తేలింది. అన్నీ లెక్కపెట్టడం కన్నా కొన్నిటిని జాగ్రత్తగా లెక్కపెట్టడం మేలని ఈ దేశం నేర్చుకున్న సందర్భం అది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. శాంపిల్ సర్వే తన పొరపాటు ఎంత ఉండవచ్చో తానే చెప్పగలదు. పూర్తి గణన చెప్పలేదు.

అదే కాలంలో గణాంక శాస్త్రజ్ఞులు సుఖాత్మే, పాన్సే వ్యవసాయ పరిశోధన మండలి తరఫున వేరే దారి పట్టారు. మరీ చిన్న ముక్క కోస్తే దాని అంచు మీది మొక్కలు లోపలికి చేరి దిగుబడి పెరిగినట్టు కనిపిస్తుందని సుఖాత్మే పట్టుకున్నాడు. దీనిపై రెండు పక్షాలకూ పెద్ద వాదమే నడిచింది. ఇవాళ మన వరిచేలలో సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాళ్లు కట్టి చేసే పంట కోత ప్రయోగం ఆ వాదం ఫలితమే. పంటల బీమా పరిహారం కూడా చాలా పంటలకు దీనిమీదే ఆధారపడుతుంది.

మన ప్రాంతపు చదువుతో పెరిగిన పేరు కూడా ఇక్కడే వస్తుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా చేరిన సి.ఆర్.రావు, 1945లో పాతికేళ్ల వయసులో ఒక హద్దును నిరూపించాడు. చేతిలో ఉన్న సమాచారం ఇంతే అయితే, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకన్నా కచ్చితంగా ఉండలేదన్నది దాని సారాంశం. అదే హద్దును విడిగా కనుక్కున్న స్వీడన్ శాస్త్రజ్ఞుడి పేరుతో కలిపి దాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. తెలివైన సూత్రం రాసినంత మాత్రాన సమాచారం పుట్టుకురాదు. తోటలోకి వెళ్లి చూడక తప్పదు.

వరి, వేరుశనగలకు ఇంత పని జరిగితే మామిడి ఎందుకు వెనుకబడింది? మామిడికి తాడు కట్టి చదరం కోసే వీలు లేదు. కోత ఒక్కరోజులో ముగియదు, వారాల తరబడి సాగుతుంది. చాలా మామిడి రకాల్లో ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు చాలావరకు ఊరుకుంటుంది, అందుకే గత ఐదేళ్ల సగటు ఈ ఏటికి దారి చూపదు. పది మీటర్ల ఎడంలో నాటిన పాత తోటలో ఎకరాకు నలభై చెట్లుంటే, దగ్గర దగ్గరగా నాటిన కొత్త తోటల్లో అంతకు అనేక రెట్లు ఉంటాయి. కాబట్టి ఎకరాలు తెలిసినంత మాత్రాన కాపు తెలియదు. పైగా 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయింది, తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లోకి మండలాలు వెళ్లాయి. చిత్తూరు జిల్లా పేరిట ఉన్న పాత లెక్కలను కొత్త లెక్కలతో నేరుగా పోల్చితే తప్పుదారి పడతాం.

అయినా పద్ధతి లేదని కాదు. అమెరికాలోని అయోవాలో గణాంక శాస్త్రజ్ఞుడు రేమండ్ జెస్సెన్ 1955లో చూపిన ఉపాయాన్ని బంగారుపాళ్యం తోటలో ఒక చెట్టు దగ్గర నిలబడి చేసి చూడవచ్చు. మొదలు నుంచి బయలుదేరండి. నడుము ఎత్తులో మాను రెండు సమానమైన కొమ్మలుగా చీలింది. చీటీ వేసి ఒకటి ఎంచుకోండి, అవకాశం రెండింటిలో ఒకటి. ఆ కొమ్మ కాస్త పైన మూడుగా చీలింది, మళ్లీ చీటీ. ఆ పైన నాలుగు రెమ్మలు, మళ్లీ చీటీ. చివరికి చేరిన రెమ్మకు 14 కాయలున్నాయి. ఆ రెమ్మ మన చేతికి వచ్చే అవకాశం 24లో ఒకటి, కాబట్టి చెట్టుకు 14ను 24తో గుణించి 336 కాయలని అంచనా. కాయ 400 గ్రాములు తూగితే సుమారు 134 కిలోలు. కొమ్మలు సమానంగా లేకపోతే లావు కొమ్మకు ఎక్కువ అవకాశం ఇస్తారు, గుణకారం దాన్నిబట్టి మారుతుంది. ఒక్క చెట్టుపై ఈ లెక్క బాగా తప్పవచ్చు. అయితే తప్పు ఒకవైపే ఒరగదు, చెట్ల సంఖ్య పెంచినకొద్దీ తగ్గుతుంది. చెట్లు నాలుగింతలైతే పొరపాటు సగమవుతుంది. రైతు గాని, వ్యాపారి గాని, అధికారి గాని ఎంచుకోవడానికి ఇందులో చోటు లేదు. నాకు దీని గొప్పతనం అక్కడే కనిపిస్తుంది.

కంటి అంచనాను పారేయాలనీ కాదు. పిందె దశలో తోట గుత్తకు తీసుకునే వ్యాపారి సాళ్ల వెంట ఒకసారి నడిచి ఇన్ని టన్నులని చెప్పేస్తాడు. ఏళ్ల అనుభవం ఉన్న ఆ కన్ను విలువైనదే, దానికి దిద్దుబాటు కావాలి. తోట మొత్తం 20 టన్నులని ఆయన అన్నాడనుకుందాం. చీటీ వేసి తీసిన పది చెట్లకు ఆయన చెప్పింది వెయ్యి కిలోలు, కోసి తూచితే 1,150 వచ్చింది. ఆ నిష్పత్తితో పెంచితే తోట 23 టన్నులు. 1802లో గణిత శాస్త్రజ్ఞుడు లాప్లాస్ ఫ్రాన్స్ జనాభాను ఈ తర్కంతోనే కట్టాడు. దేశమంతటి జననాల సంఖ్య ఆయన దగ్గర ఉంది. కొన్ని ప్రాంతాల్లో మాత్రం మనుషులను లెక్కించి, ఒక జననానికి ఎందరు మనుషులో తేల్చి గుణించాడు.

ఉపగ్రహాల పని కూడా మొదలైంది. 2014 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన చమన్ ప్రాజెక్టు మామిడితో సహా ఏడు ఉద్యాన పంటలను తీసుకుంది. పైనుంచి చూస్తే తోట విస్తీర్ణం తెలుస్తుంది. ఆకుల మాటున కాయలెన్నో తెలియదు.

ఇక అంచనా నుంచి నిర్ణయానికి వెళ్లే మెట్టు ఒకటి ఉంది, దాన్ని కట్టినవాడు గణాంక శాస్త్రజ్ఞుడు అబ్రహాం వాల్డ్. ఏ అంచనా మంచిదో తేల్చాలంటే తప్పినప్పుడు ఎవరికి ఎంత నష్టమో ముందే రాసుకోవాలన్నాడు. ఆ సిద్ధాంతాన్ని పుస్తకంగా వెలువరించిన 1950లోనే ఉపన్యాసాల కోసం భారత్ వచ్చాడు. డిసెంబరు 13న నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతో సహా మరణించాడు. ఆయన ప్రశ్నను తోతాపురికి పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. కాపును ఎక్కువగా ప్రకటిస్తే కొనేవారు ధర తగ్గిస్తారు, రైతు నష్టపోతాడు. తక్కువగా ప్రకటిస్తే మద్దతుకు కేటాయించిన సొమ్ము చాలదు, నాలుగో వంతు హద్దు కిందికి దిగుతుంది, మళ్లీ నష్టపోయేది రైతే. ఫ్యాక్టరీకి మాత్రం కాయ ఎక్కువైనా సమస్య పెద్దగా లేదు, గేటు మూసుకుంటే సరి. రెండు వైపులా దెబ్బ ఒక్కరి మీదే పడే చోట, ఒకే సంఖ్య చెప్పి ఊరుకోవడం అన్యాయం. 5.8 నుంచి 7.2 లక్షల టన్నుల మధ్య అని చెబితే, పై అంచుకు సరిపడా డబ్బు, టోకెన్లు, తూకం కాటాలు ముందే సిద్ధం చేసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వంపై పడుతుంది. ఈ రెండు అంకెలు నేను ఉదాహరణకు వేసినవే. అసలు అంచులు చెట్ల దగ్గర లెక్కిస్తేనే తెలుస్తాయి.

ఈ పని ఎక్కడో చేయించుకోవాల్సిన అవసరమూ లేదు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర విభాగం ఉంది. 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. ఊళ్లలో రైతు సేవా కేంద్రాలు, ఈ-పంట నమోదు ఉన్నాయి. చీటీలకు కావలసిన తోటల జాబితా అందులో నుంచే తీయవచ్చు. పూత దశలో ఒకసారి, పిందె నిలిచాక మరోసారి, కోతకు ముందు ఇంకోసారి లెక్క కట్టాలి. మే నెల గాలులకు రాలిపోయేది ఎంతో రెండో లెక్కకూ మూడో లెక్కకూ మధ్య తేడాలో తేలుతుంది. ప్రతిసారీ కింది అంచు, పై అంచు దామలచెరువు మండీ గోడ మీద అందరికీ కనిపించేలా అంటించాలి. దాని పక్కనే ఇంకొక లెక్క కూడా ఉండాలి. 2025లో ధరను అందరికన్నా ముందు పడగొట్టింది తోటల్లో కాయ కాదు, డ్రమ్ముల్లో మిగిలిన గుజ్జు. దానికి సర్వే అక్కర్లేదు, చీటీలు అక్కర్లేదు. ప్రతి ఫ్యాక్టరీ ఏప్రిల్ ఒకటో తేదీకి తన దగ్గర ఎన్ని టన్నుల గుజ్జు నిల్వ ఉందో రాసి ఇస్తే చాలు.