ఉబుంటు అప్‌గ్రేడ్: ఫార్మాట్ చేసే ముందు తెలుసుకోవలసిన అపోహలు - వాస్తవాలు

సర్వర్ల నిర్వహణ నా వృత్తి కావడం వల్ల, ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక విడుదల (వెర్షన్) నుంచి మరో విడుదలకు మార్చేటప్పుడు మధ్యలో చిక్కుకుపోయిన కంప్యూటర్లు తరచూ నా దగ్గరకు వస్తుంటాయి. వాటిలో చాలావాటిని ఫార్మాట్ చేయవలసిన అవసరమే ఉండదు. అయినా అప్పటికే ఎవరో ఒకరు "మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్ప దారి లేదు" అని చెప్పి ఉంటారు. ఆ మాట వెనక ఉండే అపోహలు దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: డిస్క్‌లో వందల జీబీ ఖాళీ ఉంటే స్థలం సమస్య రాదు.

చూడవలసింది డిస్క్‌లోని ఒక్కో పార్టిషన్‌లో (విడి భాగంలో) మిగిలిన ఖాళీని. ఉబుంటును ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయమని ఎంచుకుంటే, ఇన్‌స్టాలర్ బూట్ ఫోల్డర్ (కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే చోటు) కోసం ఒక చిన్న పార్టిషన్‌ను వేరుగా కేటాయిస్తుంది. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది వచ్చిన ప్రతిసారీ కెర్నల్ ఫైలుతో పాటు, బూట్ తొలి దశలో పనికొచ్చే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే ఫైలు కూడా అందులో చేరుతుంది. కొన్ని కంప్యూటర్లలో ఆ ఒక్క ఫైలే 100 ఎంబీ దాటుతుంది. పాత కెర్నళ్లు మూడు నాలుగు పేరుకుపోతే కొత్తదానికి చోటు చాలదు. ఉబుంటు వారి అప్‌గ్రేడ్ సాధనం ముందుగానే లెక్క చూసి, చాలకపోతే మొదట్లోనే ఆపేస్తుంది కానీ, ఆ అంచనా తప్పినప్పుడో, రిపాజిటరీల (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దొరికే సర్వర్ల) జాబితాను చేత్తో మార్చి, ప్యాకేజీలను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ అనే సాధనంతో అప్‌గ్రేడ్ చేసినప్పుడో పని నడిమధ్యలో ఆగిపోతుంది.

అప్పుడు తెరపై "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అనే వాక్యం కనిపిస్తుంది. కెర్నల్ ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయి నిలిచిపోతుంది. దానిపై ఆధారపడిన ప్యాకేజీలు ఒకదాని వెంట ఒకటి ఎర్రర్ ఇస్తాయి. చూసేవారి కళ్లు సహజంగానే చివరి ఎర్రర్ మీద పడతాయి, కానీ అసలు కారణం పైకి స్క్రోల్ చేస్తే కనిపించే మొదటి ఎర్రర్‌లో ఉంటుంది. ఈ స్థితిలో డీఎఫ్ కమాండ్‌తో బూట్ పార్టిషన్ నిండిందో లేదో చూసి, యూనేమ్ కమాండ్‌తో ప్రస్తుతం నడుస్తున్న కెర్నల్ ఏదో నిర్ధారించుకుని, దాన్ని ముట్టుకోకుండా పాతవాటిని ఏపీటీలోని ఆటోరిమూవ్ ద్వారా తొలగించాలి. ఏపీటీ కూడా మొరాయిస్తే, బాగా పాత ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ ఫైలు ఒకదాన్ని తాత్కాలికంగా మరో పార్టిషన్‌లోకి తరలించి చోటు చేసుకోవచ్చు. ఆ తర్వాత, ఏపీటీ కింద ఉండి ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీని పెండింగ్‌లో ఉన్న ప్యాకేజీలన్నింటినీ కాన్ఫిగర్ చేయమని అడిగి, ఆపైన ఏపీటీలో విరిగిన డిపెండెన్సీలను (ఒక ప్యాకేజీకి మరో ప్యాకేజీతో ఉండే అవసరాలను) సరిచేసే ఆప్షన్‌ను నడిపితే, ఆగిన చోటు నుంచి పని ముందుకు సాగుతుంది. అక్కడిదాకా వచ్చిన కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయడం అన్యాయమని నా అభిప్రాయం.

అపోహ: లాక్ ఎర్రర్ వస్తే లాక్ ఫైలును డిలీట్ చేయాలి.

ఇంటర్నెట్‌లో చేతులు మారుతూ తిరిగే సలహాల్లో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. లాక్ ఉందంటే, ప్యాకేజీల డేటాబేస్‌లో మరో ప్రోగ్రామ్ పని చేస్తోందని అర్థం. సాధారణంగా అది తెర వెనక నడిచే ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేటే అయి ఉంటుంది. లాక్ తీసేసి రెండో ప్రోగ్రామ్‌ను లోపలికి పంపితే, రెండూ ఒకే డేటాబేస్‌లో ఒకేసారి రాసి దాన్ని పాడుచేసే ప్రమాదం ఉంది. కాసేపు ఆగడం, ఆగినా వదలకపోతే లాక్‌ను పట్టుకున్న ప్రాసెస్ ఏదో కనుక్కోవడం సరైన పద్ధతి.

అపోహ: ఎంత పాత విడుదల నుంచైనా నేరుగా తాజా విడుదలకు వెళ్లవచ్చు.

వెళ్లకూడదు. ఉబుంటు 20.04 విడుదలకు సాధారణ మద్దతు 2025లో ముగిసింది. అందులోనే ఉండిపోయినవారు 24.04 కావాలనుకుంటే ముందు 22.04కు, అక్కడి నుంచి 24.04కు మారాలి. ఉబుంటుకు మూలమైన డెబియన్‌లోనూ ఇదే నియమం: 11 నుంచి 12కు, 12 నుంచి 13కు. ప్రతి మెట్టు దగ్గరా ఒకసారి రీస్టార్ట్ చేసి, అంతా సవ్యంగా ఉందని చూసుకున్నాకే తర్వాతి మెట్టు ఎక్కాలి.

అపోహ: టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే.

టైమ్‌షిఫ్ట్, సిస్టమ్ ఫైళ్ల ఒకనాటి స్థితిని (స్నాప్‌షాట్‌ను) దాచుకోవడానికి తయారైన సాధనం. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది హోమ్ ఫోల్డర్లలోని పత్రాలను, ఫొటోలను తాకదు. పైగా స్నాప్‌షాట్ అదే డిస్క్‌లో ఉంటే, డిస్క్‌తో పాటే పోతుంది. హోమ్ ఫోల్డర్‌ను బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, అందులోంచి రెండు మూడు ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి.

అపోహ: అప్‌గ్రేడ్ మధ్యలో అడిగే ప్రశ్నలన్నింటికీ "వై" నొక్కితే చాలు.

మీరు స్వయంగా మార్చిన కాన్ఫిగరేషన్ ఫైలుకు కొత్త రూపం వచ్చినప్పుడు, పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని డీపీకేజీ అడుగుతుంది. అక్కడ "వై" అంటే కొత్త ఫైలు వచ్చి కూర్చుంటుంది. దూరంలో ఉన్న సర్వర్‌లోకి నెట్‌వర్క్ ద్వారా వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌కు పోర్ట్‌ను (కనెక్షన్ సంఖ్యను) మార్చి వాడుతున్నవారు ఆలోచించకుండా కొత్త ఫైలును ఎంచుకుంటే, రీస్టార్ట్ తర్వాత తాము పెట్టుకున్న పోర్ట్‌లో సర్వర్ పలకదు. "డి" నొక్కితే రెండు ఫైళ్ల మధ్య తేడా కనిపిస్తుంది. దాన్ని చదివి నిర్ణయించుకోవాలి. ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఉబుంటును అప్‌గ్రేడ్ చేసేటప్పుడు, కనెక్షన్ తెగినా లోపలికి వెళ్లడానికి 1022 పోర్ట్‌లో అదనపు సర్వీసు మొదలవుతుంది. ఆ పోర్ట్‌ను ఫైర్‌వాల్‌లో ముందే తెరిచి ఉంచకపోతే ఆ సదుపాయం ఉండీ ప్రయోజనం లేదు.

అపోహ: సెక్యూర్ బూట్‌ను ఆపేస్తేనే లినక్స్ ఎక్కుతుంది.

సెక్యూర్ బూట్ అంటే నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడవనిచ్చే రక్షణ. ఉబుంటులో ముందుగా నడిచే బూట్‌లోడర్ మైక్రోసాఫ్ట్ సంతకంతోనే వస్తుంది కాబట్టి దాన్ని ఆపే అవసరం లేదు. ఎన్విడియా వంటి బయటి డ్రైవర్లను ఇన్‌స్టాల్ చేసినప్పుడు మాత్రం, రీస్టార్ట్‌లో కనిపించే నీలి తెరపై కీ నమోదు చేయమని అడగవచ్చు. దాన్ని దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోవడం వేరే సమస్య. అందుకు ఎక్కువగా కారణం, డిస్క్‌లను నిర్వహించే ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనే సెట్టింగ్. విండోస్ కూడా ఉన్న కంప్యూటర్‌లో, విండోస్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ రికవరీ కీని భద్రపరచుకోకుండా ఆ సెట్టింగ్‌ను మార్చకండి.

అప్‌గ్రేడ్ పూర్తయ్యాక చూడవలసినవి రెండున్నాయి. సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌లోని ఫెయిల్డ్ ఆప్షన్ మొదలవలేకపోయిన సర్వీసుల జాబితా ఇస్తుంది. అప్‌గ్రేడ్ సాధనం పీపీఏల (వ్యక్తులు, బృందాలు సొంతంగా నడిపే రిపాజిటరీల) వంటి బయటి రిపాజిటరీలను నిలిపివేస్తుంది కాబట్టి, కొత్త విడుదలకు ప్యాకేజీలు ఉన్నవాటినే ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకోవాలి. ఏది తేడాగా కనిపించినా వార్ ఫోల్డర్ కింద లాగ్‌లో ఉన్న డిస్ట్-అప్‌గ్రేడ్ ఫోల్డర్‌లోని ఫైళ్లలో జరిగినదంతా నమోదై ఉంటుంది.